ఘాట్ దిగాలంటే

అమీర్‌పేట పేరు చెబితే మన ఏజెన్సీ పిల్లలకు ముందు గుర్తొచ్చేది కోర్సులు. మైత్రీవనం చుట్టూ గోడలన్నీ బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్, నెలకో కొత్త పేరు. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ నుంచి ఒక బ్యాగూ ఒక దుప్పటీ పట్టుకుని బస్సెక్కి వచ్చి, ఇరుకు హాస్టల్ గదుల్లో సర్దుకుని చదివే మన పిల్లలు అక్కడ ఎప్పుడూ ఉంటారు. మా మేనల్లుడు వాళ్లలో ఒకడు. మేము ఇక్కడ రాసేది మాత్రం ఆ బోర్డుల్లో దేని మీదా లేని చదువు గురించి. దసరా సెలవుల్లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కూర్చుని, మా కారు ముందు చక్రాలు విప్పి, బ్రేకు ప్యాడ్లూ డిస్కులూ మేమే మార్చుకున్నాం. రెండు రోజులు పట్టింది.

మేమెవరమో ముందు చెప్పాలి. గోండులం. ఆశ్రమ పాఠశాలలో టీచర్లం, మా ఇంటామె కూడా టీచరే. డీఎడ్ చేసి, జీవో 3 అమల్లో ఉన్న కాలంలో ఉద్యోగంలో చేరినవాళ్లం. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ అక్కడి గిరిజనులకే అన్న ఆ జీవో 2000 జనవరిలో వచ్చింది, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ పుస్తకం చదివేవాళ్లకు అది కొత్త సంగతేం కాదు. మా మేనల్లుడూ మాలాగే డీఎడ్ చేశాడు. తీర్పు వచ్చాక కొన్నాళ్లు పత్తి చేలో పని చేసి, తర్వాత అమీర్‌పేట బస్సెక్కాడు. మా బావమరిది అంతకు ముందే వచ్చి అక్కడే ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మెన్‌గా చేరాడు. సెల్లార్‌లో మెట్ల కింద అతనికో గది ఉంది. హైదరాబాద్ వస్తే మా మకాం ఆ గదిలోనే.

ఈసారి వచ్చింది మా మామ తుంటి ఆపరేషన్ కోసం. పంజాగుట్టలో నిమ్స్. అది ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. మామ ఇప్పటికీ దాన్ని ‘బొక్కల దవాఖాన’ అనే అంటాడు. బస్సులో అంతసేపు కూర్చోలేడు కాబట్టి మా సెకండ్ హ్యాండ్ చిన్న కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తెచ్చాం. జైనూరు వైపు నుంచి ఆసిఫాబాద్‌కు రావాలంటే కెరమెరి ఘాట్ దిగాలి. ఆ మలుపులు ఎక్కడం ఎవరికైనా వస్తుంది, దిగడంలోనే తెలుస్తుంది. మూడో నాలుగో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద దడదడమంది. స్టీరింగ్ చేతుల్లో వణికింది. ఎడమ చక్రం నుంచి కీచుమని చప్పుడు, కాసేపటికి కాలిన వాసన. కారు పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చి, రెండో గేరులో మెల్లగా దిగాం. మామ మాత్రం వెనక నుంచి “ఎడ్లు గట్టివైతే బండి ఆగుతది” అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఇలాంటి వాలు దిగేటప్పుడు బండి వెనక మొద్దు కట్టి ఈడ్పించేవాళ్లట.

మామను ఆసుపత్రిలో చేర్చాక కారును పంజాగుట్ట వైపు ఒక గ్యారేజీకి తీసుకుపోయాం. పేరు ఎందుకులెండి. చక్రం ఊడదీయకుండానే, ప్యాడ్లు, డిస్కులు, క్యాలిపర్లు అన్నీ మార్చాలన్నారు. రాసిచ్చిన కాగితం మీది అంకె మా ఇద్దరి జీతంలో లెక్క తప్పించేలా ఉంది. డబ్బు సంగతి పక్కన పెడదాం, అప్పు చేసైనా కడతాం. “ప్యాడ్ ఎంత మందం మిగిలిందో చూపిస్తారా?” అని అడిగాం. “చూస్తే మీకేం తెలుస్తది సార్?” అన్నాడు కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు. అతను ఎగతాళిగా అనలేదు. మామూలుగానే అన్నాడు. ఆ మామూలుతనమే మాకు గుచ్చుకుంది. మన పిల్లలు సైన్సు ల్యాబ్ గుమ్మం దగ్గర, బ్యాంకు కౌంటర్ దగ్గర వినేది కూడా ఆ మాటే, అదే గొంతుతో.

కారును మెల్లగా నడుపుకుంటూ సెల్లార్‌కు తెచ్చేశాం.

బల్కంపేట వైపు ఒక గల్లీలో మా బావమరిదికి తెలిసిన ఉస్తాద్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా కార్ల కింద పడుకుని తల నెరిసిన మనిషి. విషయం చెప్పి, మేమే చేసుకోవచ్చా అని అడిగాం. నవ్వాడు. “ఖోల్నా ఆసాన్ హై సాబ్, బంద్ కర్నా ముష్కిల్” అన్నాడు. విప్పడం తేలికే, బిగించడమే కష్టం అని. మూడు షరతులు పెట్టాడు. కారు పుస్తకం చదవకుండా పానా పట్టొద్దు. ఒక్కసారికి ఒక్క చక్రమే విప్పాలి, రెండోది చూసుకోవడానికి ఉండాలి. బ్రేక్ ఆయిల్ పైపు మాత్రం ముట్టుకోవద్దు, ఆ పని తన దగ్గరే చేయించుకోవాలి. ఒప్పుకున్నాం. రెండు జాకీ స్టాండ్లు, ఒక సీ క్లాంప్, ఒక టార్క్ రెంచ్ రెండు రోజులకు ఇచ్చాడు. అద్దె ఎంతంటే చాయ్ తాగించమన్నాడు. ఈ వ్యాసం మెకానిక్కుల మీద కాదని చెప్పడానికే ఉస్తాద్ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాం.

ఆ రాత్రి మేనల్లుడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఏదో కోర్సు కరపత్రం వెనక ఖాళీ వైపున అందరం కలిసి లెక్క వేశాం. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం మేము ఎన్నేళ్లుగానో చెబుతున్నాం. చేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయని చెబుతాం, పిల్లలు రుద్దుకుంటారు, గంట కొడతారు. ఘాట్ మీద ఎంత వేడి పుడుతుందో ఎప్పుడూ లెక్క కట్టలేదు. కారు, అందులో మనుషులు, సామాను కలిపి 1,200 కిలోలు అనుకున్నాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ బరువును పూర్తిగా ఆపాలంటే సుమారు 1,67,000 జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అదే బరువు 100 మీటర్ల ఎత్తు దిగితే, వేగం పెరగకుండా పట్టుకోవడానికి తీసేయాల్సిన శక్తి సుమారు 11,76,000 జౌళ్లు. అంటే 60 వేగం నుంచి వరసగా ఏడు సార్లు ఆపినంత. మూడు లీటర్లకు పైగా చల్లటి నీళ్లు మరిగిపోయేంత వేడి. ఇందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత రోడ్డు తీసుకుంటుంది, చిన్న గేరులో ఉంటే ఇంజిన్ చాలా భాగం పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగిలిందని సంతోషపడే డ్రైవర్లు మన దగ్గర తక్కువేం లేరు. వాళ్ల కారులో ఇంజిన్ వాటా కూడా ప్యాడ్ల మీదే పడుతుంది. ప్యాడ్లలోనూ ఎక్కువ పని ముందు వాటిదే, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. మేనల్లుడు ఆ లెక్క కింద రెండు గీతలు గీసి, “మామా, ఇది పరీక్షలో ఎందుకు ఇయ్యరు?” అన్నాడు.

తెల్లవారి పని మొదలు. నేల చదునుగా ఉన్న చోట కారు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాం. చక్రం నట్లను కారు నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. గాల్లోకి లేచాక చేస్తే చక్రం తిరుగుతుంది, కారు ఊగుతుంది. జాకీతో లేపాక బరువును స్టాండ్ మీదికి దించాం. ఊడదీసిన చక్రాన్ని కూడా కారు పక్క అంచు కిందికి తోశాం, ఏ కారణంగానైనా స్టాండ్ జారినా మనిషి మీద పడకుండా. పిల్లలూ, ఇది చదివి మీలో ఎవరైనా చేయబోతే ఇంకేం మరిచినా ఇది మరవద్దు. జాకీ లేపడానికే. దాన్ని నమ్మి కారు కిందికి దూరకూడదు.

చక్రం తీసేస్తే లోపల ఉన్నది చాలా కొంచెమే. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్లెం ఒకటి, అదే డిస్క్. పుస్తకంలో దాన్ని రోటర్ అన్నారు. దాన్ని చెరోవైపు నుంచి పట్టుకునే రెండు ప్యాడ్లు. ఆ రెంటినీ నొక్కే క్యాలిపర్. మా బావమరిది చూసి వెంటనే పేర్లు పెట్టేశాడు. డిస్క్ జొన్నరొట్టె, ప్యాడ్లు చెప్పులు, క్యాలిపర్ డొప్ప. ఆ రెండు రోజులూ మాకు అవే పేర్లు. “అక్కా, ఆ డొప్పను వైరుతో కట్టినవా?” అంటే ఎవరికీ అనుమానం రాలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు గోండీలోనే వాచకాలు తయారుచేశారని మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ పని ఎందుకు చేశారో డొప్ప అన్న మాట విన్నప్పుడు మాకు మళ్లీ తెలిసింది. వస్తువు ముందు చేతికి, కంటికి అందాలి. ఇంగ్లీషు పేరు తర్వాత దానంతట అదే వచ్చి అతుక్కుంటుంది. రెండో రోజు సాయంత్రానికి బావమరిది క్యాలిపర్ అనడం మొదలుపెట్టాడు.

క్యాలిపర్ వెనక కింది బోల్టు విప్పి పైకి తిప్పితే ప్యాడ్లు చేతికొచ్చాయి. అసలు సంగతి అక్కడ బయటపడింది. ఎడమ చక్రం బయటి ప్యాడ్‌కు ఇంకా 5 మిల్లీమీటర్ల మందం ఉంది. లోపలిది 2 మిల్లీమీటర్లకు దిగి, ఒక మూల దాదాపు ఇనుము కనపడుతోంది. కీచుమన్నది లోపలి ప్యాడ్‌కు ఉండే చిన్న రేకు. ప్యాడ్ అరిగిపోయినప్పుడు డిస్కును గీకి చప్పుడు చేయడానికే దాన్ని పెడతారు. ఒకే డొప్పలోని రెండు చెప్పులు ఇంత తేడాగా ఎందుకు అరుగుతాయి? మా ఇంటామె పుస్తకం తిరగేసి చెప్పింది. క్యాలిపర్‌లో పిస్టన్ ఒక వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్ను జరగకపోతే పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. చూస్తే కింది పిన్ను ఎండిపోయి బిగుసుకుని ఉంది. దాని రబ్బరు తొడుగు మాత్రం చిరగలేదు. పిన్ను బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే వేలితో నెట్టినా జరిగింది. పిస్టన్ దగ్గర తడి లేదు, అంటే కారడం లేదు. ఫోటో తీసి ఉస్తాద్‌కు పంపాం. క్యాలిపర్ మార్చక్కర్లేదన్నాడు.

డిస్కు మందం కొలవడంలో ఒక చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు, తుప్పుతో గట్టులా నిలబడుతుంది. వర్నియర్ దవడలు పెడితే ఆ గట్టునే కొలుస్తాయి. మేనల్లుడు రెండు ఒకే రకం నాణేలు తీసి, డిస్కుకు చెరోవైపు ఒకటి ఆనించి, వాటి మీద వర్నియర్ పెట్టి, నాణేల మందం తీసేశాడు. ఇంటర్‌లో స్క్రూగేజ్‌తో తీగ మందం కొలిచి రికార్డు రాసిన పిల్లవాడు. మార్కులు పడ్డాక ఆ కొలత ఎందుకైనా పనికొచ్చింది ఇదే మొదటిసారి. డిస్కు మీద కనీస మందం 15 మిల్లీమీటర్లని పోతలోనే అక్షరాలున్నాయి. మాది ఒక చోట 14.9, ఇంకో చోట 14.6. పెడల్ కొట్టుకున్నది ఆ తేడాకే. ‘డిస్కు వంగింది’ అని అందరూ అంటారు కానీ, చాలాసార్లు అది వంగి ఉండదు. మందం ఒకచోట ఒకలా ఉండి, తిరుగుతున్న ప్రతిసారీ ప్యాడ్లను నెట్టుతుంది, ఆ నెట్టుడు ద్రవం ద్వారా పెడల్ దాకా వస్తుంది. కనీస మందం కంటే పలచబడ్డ డిస్కు వేడిని దాచుకోలేదు, పగిలే ప్రమాదమూ ఉంది. కాబట్టి డిస్కులు మార్చాల్సిందే. గ్యారేజీవాళ్లు చెప్పిన వాటిలో రెండు నిజం, ఒకటి కాదు. ఎప్పుడు మార్చినా రెండు వైపులా కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

పాత డిస్కు తుప్పుతో అతుక్కుని సుత్తి దెబ్బలకు కదల్లేదు. దాని ముఖం మీద మర ఉన్న రెండు చిన్న రంధ్రాలు అందుకే పెడతారట. అందులో రెండు బోల్టులు పెట్టి, ఇటు అర తిప్పు అటు అర తిప్పు బిగిస్తూ పోతే, టక్కుమని దానంతట అదే బయటికొచ్చింది. మా బావమరిది ఆనందం చూడాలి. లోపలి హబ్ ముఖాన్ని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాం. అక్కడ తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా కొత్త డిస్కు వంకరగా కూర్చుంటుంది, కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ అదే వణుకు. పాత ప్యాడ్ల పొడిని నోటితో ఊదలేదు. బ్రేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండేది. తడిగుడ్డతో తుడిచి గుడ్డను పారేశాం. కొత్త డిస్కు తుప్పు పట్టకుండా కంపెనీలో నూనె పూసి పంపుతారు, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి. తర్వాత దాని ముఖాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు.

ఇక్కడొక అడ్డమాట. పోత పోసిన వస్తువు చేతిలో పట్టుకుంటే మాకు ఉషెగాం, కెస్లాగూడ ఓజాలు గుర్తొస్తారు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పొదిగి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే మనుషులు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోహం, పద్ధతి వేరు కావచ్చు. కరిగిన లోహం తన కోసం వదిలిన ఖాళీ ఆకారం తీసుకుంటుందన్నది మన పిల్లలకు పుస్తకం కంటే ముందే తెలిసిన విషయం. కొలతల్లో మిల్లీమీటరులో పదో వంతు దగ్గర మాత్రమే కొత్త చదువు మొదలవుతుంది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో మెల్లగా నెడుతుంటే పైన బానెట్ కింద డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరిగింది. పొంగకుండా ముందే సిరంజితో కొంచెం తీసిపెట్టాం. పాస్కల్ నియమం కళ్ల ముందే. ఒక చోట నెడితే ఇంకో చోట లేస్తుంది. బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు. నూనె అనుకుని ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు మొత్తం పోతాయి. అది తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడుతుంది. డాట్ 4 అయితే 230, 155. ఘాట్ మీద ఆ ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకుపోదు. అప్పుడు కాలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. మూత లోపల రాసి ఉన్న రకమే పోయాలి.

ప్యాడ్ ముఖానికి గ్రీజు తగలకుండా, వెనక వైపు ఆనే చోట్ల మాత్రమే పలచగా రాసి, ప్యాడ్లు వాటి గాడిలో కూర్చోబెట్టి, క్యాలిపర్ దించి, బోల్టులు బిగించాం. ఏ బోల్టు ఎంత బిగువో మా ఇంటామె కాగితం మీద రాసి కారు అద్దానికి అంటించింది. బిగించినదాని పక్కన టిక్కు పెడుతుంది. టిక్కు లేనిదాని జోలికి ఇంకొకరు పోకూడదు. చక్రం నట్లకు మా కారు పుస్తకంలో 85 న్యూటన్ మీటర్లని ఉంది. ప్రతి కారుకూ వేరుగా ఉంటుంది, మా అంకె మీరు వాడకండి. ఎదురెదురు నట్లు బిగిస్తూ పోతే ఆ అంకె దగ్గర రెంచ్ టిక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. పానా మీద ఎక్కి తొక్కే అలవాటు మన దగ్గర బలానికి గుర్తు. నట్టు మర తెగేది, డిస్కు వంకరగా కూర్చునేది దానివల్లే.

కుడి చక్రం రెండో రోజుకు మిగిలింది. మొదటి చక్రం ఆరు గంటలు తింటే రెండోది రెండు గంటల్లో అయిపోయింది. దాని గురించి చెప్పడానికి వేరే ఏమీ లేదు, ఒక్క సంగతి తప్ప. ఆ పొద్దున అపార్ట్‌మెంటు అసోసియేషన్ పెద్దాయన కిందికొచ్చారు. సెల్లార్ ఏమైనా గ్యారేజీ అనుకున్నారా అని వాచ్‌మెన్ మీద కేకలేశారు. మా బావమరిది లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మేము టీచర్లమని, కింద గోనె పట్టా పరిచామని, మధ్యాహ్నానికి కడిగేసి ఇస్తామని చెప్పాం. ఆయన వెళ్లబోతూ అద్దం మీది కాగితం చూశారు. టిక్కులన్నీ చదివారు. తర్వాత బావమరిదినే అడిగారు, “మా బండి కూడా ఈ మధ్య కీచుమంటోంది, ఏమై ఉంటుంది?” అని. బావమరిది చేతులు వెనకనుంచి తీశాడు. లోపలి ప్యాడ్ రేకు తగులుతుండొచ్చు, పిన్ను బిగుసుకుందేమో చూపించండి అని, అరిగిన ప్యాడ్ చేతిలో పెట్టి చూపించాడు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత ఎప్పటిలాగే చెత్త బుట్టలు ఇంకా ఎందుకు దించలేదని గదమాయించి పైకి పోయారు.

అన్నీ బిగించాక కారు కదపకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్ దాకా రావాలంటే పెడల్‌ను చాలాసార్లు తొక్కాలి. మొదటి తొక్కులకు కాలు నేల దాకా పోతుంది. గట్టిపడేదాకా తొక్కి, డబ్బాలో మట్టం చూసి, ఆ తర్వాతే ఇంజిన్. సెల్లార్‌లోనే నడక వేగంతో నాలుగుసార్లు ఆపి చూసి, ఉస్తాద్ దగ్గరికి పోయాం. ఆయన పాత బ్రేక్ ద్రవం మొత్తం తీసి కొత్తది పోసి గాలి తీశాడు. పాతది చాయ్ రంగులో ఉంది. చక్రాలు తిప్పి చూసి, మా బిగింపుల మీద తన రెంచ్ పెట్టి చూసి, ఏమీ అనలేదు. ఉస్తాద్ ఏమీ అనకపోతే బాగుందన్నట్టేనని బావమరిది దారిలో చెప్పాడు.

కొత్త ప్యాడ్లు మొదటి రోజే గట్టిగా పట్టవు. డిస్కు మీద ప్యాడ్ పదార్థం పలచగా, సమానంగా అంటుకోవాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, ఖైరతాబాద్ మీదుగా నెక్లెస్ రోడ్డుకు వెళ్లాం. 2023 ఫిబ్రవరిలో ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది ఆ పక్కనే. వెనక ఏ బండీ లేనప్పుడు 50 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ పోనివ్వడం. అలా పది సార్లు, తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు నడిపి చల్లార్చడం. నడకకొచ్చినవాళ్లు మా డ్రైవింగ్ చూసి ఏమనుకున్నారో. పెడల్ నిశ్చలంగా ఉంది. స్టీరింగ్ వణకలేదు.

విడి భాగాలు, బ్రేక్ ద్రవం, గ్రీజు అన్నీ కలిపి ఆ గ్యారేజీ కాగితంలో సగం కూడా కాలేదు. పెట్టెల మీద కంపెనీ ముద్ర, పార్టు నంబరు, ధర చీటీ చూసి, పాత డిస్కు పక్కన పెట్టి పోల్చి కొన్నాం. మిగిలిన డబ్బు మామ మందులకు సరిపోయింది. కానీ డబ్బు మిగులుతుందని మాత్రమే ఎవరూ బ్రేకుల జోలికి పోవద్దని మా మాట. కొలవడానికి ఓపిక లేకపోతే, పక్కన అడగడానికి ఒక ఉస్తాద్ లేకపోతే, పెడల్ మెత్తగా ఉన్నా ద్రవం కారుతున్నా, మెకానిక్ దగ్గరికే పోవాలి. అప్పుడు కూడా ప్యాడ్ మందం చూపించమని అడగొచ్చు. చూపిస్తే మనకు తెలుస్తుంది.

మేనల్లుడు కోర్సు మానేయలేదు. మానమని మేమూ చెప్పలేదు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లని, అందులో చేరొచ్చా అని ఊళ్లో తమ్ముడి కోసం వాకబు చేస్తున్నాడు. ఆ తమ్ముడు పదో తరగతి తప్పి పశువుల వెంట తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్లకు అది చిన్నతనంగా ఉంది. అన్న కంప్యూటర్ ముందు కూర్చుంటే తమ్ముడు నూనె చేతులతో తిరగడమేమిటని. ఈ మాట మాత్రం ఇంకా తెగలేదు.

పాత డిస్కు, ఆ అరిగిన ప్యాడ్ల జత ఇప్పుడు మా బడిలో ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం రోజు వాటిని బల్ల మీద పెట్టాం. డిస్కును ఇద్దరు పిల్లలు ఎత్తి బరువు చూశారు. ఒక కొలాం పిల్ల, రెండు చెప్పులు ఒకే మందం ఎందుకు లేవని అడిగింది. కెరమెరి ఘాట్ దగ్గర మొదలుపెట్టి పిన్ను దాకా అంతా చెప్పాల్సి వచ్చింది, పీరియడ్ సరిపోలేదు. వేసవిలో మామను రెండో తుంటికి రమ్మన్నారు. ఆలోపు ఒకసారి చక్రం విప్పి కొత్త ప్యాడ్ల మందం చూడాలి. కొలిచే పని తమదేనని ఎనిమిదో తరగతి వాళ్లు అప్పుడే పంచుకున్నారు. జాకీ ఎక్కించేది మాత్రం మేమేనని, స్టాండ్లు పెట్టేదాకా ఎవరూ గీత దాటొద్దని, నేల మీద సుద్దతో గీత గీసి చూపించాం.